సాలిడిటీ 0.8 సమీక్ష: తెలిసిన రూపం, తెలియని యంత్రం

మామూలు ప్రోగ్రాములో తప్పు దొర్లితే మరునాడు దిద్ది మళ్లీ విడుదల చేస్తాము. వాడుకరులకు క్షమాపణ చెప్పుకుంటే ఆ సంగతి చాలావరకు అక్కడితో ముగుస్తుంది. ఇథీరియం బ్లాక్‌చెయిన్ కోసం పుట్టిన ప్రోగ్రామింగ్ భాష సాలిడిటీలో రాసిన స్మార్ట్ కాంట్రాక్టుకు, అంటే బ్లాక్‌చెయిన్ మీద నడిచే ప్రోగ్రాముకు, ఆ వెసులుబాటు లేదు. బ్లాక్‌చెయిన్ మీదికి ఒకసారి ఎక్కిన కోడ్ అక్కడే, అలాగే ఉండిపోతుంది. దానిలో ఇతరుల సొమ్ము ఉంటుంది. ఆ కోడ్‌ను ఎవరైనా చదవవచ్చు, దాని ఫంక్షన్లను ఎవరైనా పిలవవచ్చు. అందువల్ల ఈ భాషను వేగం, సౌకర్యం, లైబ్రరీల (సిద్ధంగా దొరికే కోడ్) సంఖ్య వంటి మామూలు కొలతలతో తూచితే సరిపోదు. రాసిన మనిషి మనసులో ఉన్న అర్థమే యంత్రానికీ అందుతోందా అన్నది నా గీటురాయి. కొన్నేళ్లుగా ఈ భాషలో కాంట్రాక్టులు రాస్తూ, ఇతరులు రాసినవాటిని తనిఖీ చేస్తూ వచ్చిన అనుభవంతో 0.8 వరుస కంపైలర్లను ఆ గీటురాయి మీద పెట్టి చూస్తున్నాను.

ఈ భాష ఆలోచన 2014లో గావిన్ వుడ్ ప్రతిపాదనతో మొదలైంది. దానిని కంపైలరుగా నిలబెట్టి పెంచినది క్రిస్టియన్ రైట్‌వీస్నర్ నాయకత్వంలోని ఇథీరియం బృందం. 2015 జులై 30న ఇథీరియం నెట్‌వర్క్ ప్రారంభమైన నాటి నుంచి దాని మీద నడిచే కాంట్రాక్టులలో అత్యధిక భాగం దీనిలోనే రాయబడుతున్నాయి. కాంట్రాక్టులను నడిపే సాఫ్ట్‌వేర్ యంత్రమైన ఇథీరియం వర్చువల్ మెషీన్‌ను స్వీకరించిన ఇతర బ్లాక్‌చెయిన్ల మీద కూడా ఇదే కోడ్ పెద్దగా మార్పులు లేకుండా నడుస్తుంది కనుక, ఒకసారి నేర్చుకున్న విద్య చాలా చోట్ల అక్కరకు వస్తుంది.

మొదటి పరిచయం చాలా సాఫీగా ఉంటుంది. మీసాల బ్రాకెట్లు, సెమీకోలన్లు, రకాలు ముందే ప్రకటించే పద్ధతి ఉండడంతో జావాస్క్రిప్ట్ గానీ సీ ప్లస్ ప్లస్ గానీ తెలిసినవారికి తొలి పూటలోనే చదవడం వస్తుంది. రీమిక్స్ అనే బ్రౌజర్ ఎడిటర్ తెరిస్తే కంప్యూటర్లో ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండానే రాయవచ్చు, కంపైల్ చేయవచ్చు, నకిలీ ఖాతాలతో నడిపి చూడవచ్చు. అయితే ఈ భాషలో నాకు అన్నింటికంటే నచ్చినది సింటాక్స్ కాదు. ఈ రంగానికి కావలసిన భావనలు భాషలోనే పుట్టుకతో ఉండడం. అడ్రస్ అనేది ఇక్కడ ఒక రకం. ఫంక్షన్ సొమ్ము స్వీకరించవచ్చా లేదా అన్నది పేయబుల్ అనే ఒక్క మాటతో తేలిపోతుంది. ఆ మాట లేని ఫంక్షనుకు పొరపాటున ఈథర్ (ఇథీరియం నాణెం) పంపితే లావాదేవీయే వెనక్కి తిరుగుతుంది. పిలిచినవారి చిరునామా ఎప్పుడూ చేతికి అందుబాటులో ఉంటుంది. ఏ షరతు తప్పినా రిక్వైర్ వాక్యం అప్పటివరకు జరిగిన మార్పులన్నింటినీ రద్దు చేసి ఖాతాలను మునుపటి స్థితికి తెస్తుంది. డేటాబేస్‌లతో ఏళ్ల తరబడి పనిచేసినవారికి ఈ చివరి గుణం ఎంత విలువైనదో వేరే చెప్పనక్కరలేదు: సగం జరిగి సగం ఆగిన చెల్లింపు అనే బెడద ఒక లావాదేవీ లోపల తలెత్తదు.

చిక్కంతా ఈ చనువులోనే ఉంది. కోడ్ చూడడానికి తెలిసినట్టే ఉంటుంది గానీ కింద ఉన్న యంత్రం మనకు తెలిసినది కాదు. దాని ప్రతి మాట, అంటే అది ఒకేసారి పట్టుకునే విలువ, 256 బిట్ల వెడల్పు. దానికి దశాంశ సంఖ్యలు లేవు. దానిలో ప్రతి పనికీ గ్యాస్ అనే కొలతలో రుసుము పడుతుంది: రెండు సంఖ్యలు కూడడానికి 3 గ్యాస్ ఖర్చయితే, స్టోరేజ్‌లో (బ్లాక్‌చెయిన్ మీద విలువలు నిలిచి ఉండే చోట) అంతవరకు ఖాళీగా ఉన్న ఒక గడిలో విలువ రాయడానికి 20,000 గ్యాస్‌కు పైగా ఖర్చవుతుంది. రెండు వాక్యాలూ తెర మీద ఒకే పొడవుతో, ఒకే సమానపు గుర్తుతో కనిపిస్తాయి. ఏది రూపాయి ఖర్చు, ఏది వేల ఖర్చు అన్నది భాష చెప్పదు, మనమే గుర్తుంచుకోవాలి.

అంకెల సంగతితో మొదలుపెడతాను, ఎందుకంటే 0.8 చేసిన అతి పెద్ద మేలు ఇక్కడే ఉంది. అంతకుముందు వెర్షన్లలో ఒక పూర్ణాంకం తన హద్దు దాటితే కారు మీటరు తిరిగినట్టు మళ్లీ సున్నా దగ్గరకు వచ్చేది, ఏ హెచ్చరికా ఉండేది కాదు. 2018 ఏప్రిల్‌లో బ్యూటీచెయిన్ అనే టోకెన్‌ను (కాంట్రాక్టు జారీ చేసే డిజిటల్ నాణేన్ని) కూల్చినది ఇదే: ఒకేసారి పలువురికి టోకెన్లు పంపే ఫంక్షనులో గ్రహీతల సంఖ్యను మొత్తంతో గుణించారు, దాడి చేసినవాడు ఇద్దరు గ్రహీతలను, 2 యొక్క 255వ ఘాతమంత మొత్తాన్ని ఇచ్చాడు, లబ్ధం హద్దు దాటి సున్నా అయింది, పంపేవాడి ఖాతాలో సున్నా ఉన్నా చాలునని షరతు ఒప్పుకుంది, గ్రహీతలకు మాత్రం ఊహకందని సంఖ్యలో టోకెన్లు జమయ్యాయి. ఆ రోజుల్లో ప్రతి కూడికకూ సేఫ్‌మ్యాథ్ అనే లైబ్రరీని పిలవడం మా అందరికీ అలవాటు. ఒక్కచోట మరిచినా అంతే సంగతులు. 2020 డిసెంబరులో వచ్చిన 0.8.0 నుంచి ఈ తనిఖీ భాషలోనే జరుగుతోంది, హద్దు దాటిన లెక్క లావాదేవీని రద్దు చేస్తుంది. తనిఖీ వద్దనుకుంటే అన్‌చెక్డ్ అనే గడిలో రాయాలి. ప్రమాదకరమైన పని చేయాలంటే చేతితో రాసి ఒప్పుకోవలసి రావడం సరైన పద్ధతి, దీనికి నా పూర్తి మార్కులు.

అయితే ఇదే 0.8లో ఒక తలుపు ఇంకా తెరిచే ఉంది. పెద్ద పూర్ణాంకాన్ని చిన్న రకానికి మార్చేటప్పుడు, అంటే 256 బిట్ల విలువను 8 బిట్ల రకంలోకి దించేటప్పుడు, పట్టని భాగాన్ని భాష చడీచప్పుడు లేకుండా కోసేస్తుంది. వేరియబుల్‌లో 300 ఉంటే మార్పిడి తరువాత 44 మిగులుతుంది. దోషమూ రాదు, రద్దూ కాదు. కూడికలో కాపలా ఉందని ధీమాగా ఉన్న మనిషి మార్పిడి దగ్గర కూడా అదే కాపలా ఉందనుకోవడం సహజం. తనిఖీలలో ఈ పొరపాటు నాకు ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది. ఓపెన్‌జెపెలిన్ లైబ్రరీలోని సేఫ్‌కాస్ట్ వాడితే గండం గడుస్తుంది గానీ, ఈ పని కంపైలరే చేయవలసినదని నా గట్టి అభిప్రాయం.

ఇక దశాంశాలు. ఈథర్‌లో అతి చిన్న ప్రమాణం పేరు వెయ్ (wei), ఒక ఈథర్ అంటే 1 తరువాత 18 సున్నాలున్నన్ని వెయ్‌లు; లెక్కలన్నీ పూర్ణాంకాలలోనే సాగుతాయి; భాగహారంలో శేషం రాలిపోతుంది. ఈ నియమం డాక్యుమెంటేషన్‌లో స్పష్టంగానే ఉంది, నాకూ తెలుసు; అయినా ఒక ప్రాజెక్టులో రుసుము లెక్క రాసేటప్పుడు మొత్తాన్ని ముందు 10,000తో భాగించి తరువాత రేటుతో గుణించాను. పెద్ద మొత్తాలతో రాసిన పరీక్షలన్నీ గెలిచాయి. ఆ టోకెనుకు దశాంశ స్థానాలు తక్కువ కావడంతో 9,999 యూనిట్ల కంటే మించని చెల్లింపులకు రుసుము సున్నా అవుతోందని, పెద్ద చెల్లింపును చిన్న ముక్కలుగా కోసి పంపితే ఏమీ కట్టనక్కరలేదని సహోద్యోగి ఒకరు చూపించేవరకు నాకు తట్టలేదు. గుణకారం ముందు, భాగహారం తరువాత అన్న క్రమం బడిలో నేర్చిన గణితంలో ఫలితాన్ని మార్చదు, ఇక్కడ మారుస్తుంది. స్థిర దశాంశ రకాల పేర్లు భాషలో ఉన్నాయి, వాటితో వేరియబుల్ ప్రకటించవచ్చు కూడా, కానీ దానికి విలువ ఇవ్వడం గానీ దానితో లెక్క చేయడం గానీ కుదరదు. ఇన్నేళ్ల తరువాత కూడా అవి నామమాత్రంగా మిగిలిపోవడం నాకు నిజంగా బాధ కలిగించే విషయం, ఎందుకంటే ఈ భాషలో రాసే ప్రోగ్రాములు దాదాపు అన్నీ సొమ్ము లెక్కలే.

ఈ భాష చరిత్రలో అతి ప్రసిద్ధమైన గాయం రీఎంట్రన్సీ. దానిని కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే 0.8 కూడా దీనిని పూర్తిగా మాన్పలేదు. ఒక కాంట్రాక్టు ఎవరికైనా ఈథర్ పంపినప్పుడు, పుచ్చుకునేది కూడా కాంట్రాక్టే అయితే, దానిలోని కోడ్ ఆ క్షణంలోనే నడుస్తుంది. అంటే చెల్లింపు వాక్యం చూడడానికి సొమ్ము అందించడంలా ఉన్నా, నిజానికి అది నియంత్రణను అపరిచితుడి చేతికి అప్పగించడం. చెల్లించిన తరువాత ఖాతా నిల్వను తగ్గించే క్రమంలో కోడ్ రాసి ఉంటే, ఆ అపరిచితుడు నిల్వ ఇంకా తగ్గకముందే మళ్లీ అదే ఫంక్షనును పిలుస్తాడు, మళ్లీ చెల్లింపు అందుతుంది, మళ్లీ పిలుస్తాడు. 2016 జూన్ 17న ద డావో అనే ఉమ్మడి పెట్టుబడి కాంట్రాక్టు నుంచి సుమారు 36 లక్షల ఈథర్ బయటికి పోయినది ఈ దారినే. ఆ నష్టాన్ని పూడ్చడానికి 2016 జులై 20న, 19,20,000వ బ్లాకు దగ్గర, నెట్‌వర్క్ ఖాతాల లెక్కనే మార్చవలసి వచ్చింది. అందుకు ఒప్పుకోనివారు పాత గొలుసునే కొనసాగించారు, అదే ఇప్పటి ఇథీరియం క్లాసిక్. రెండు వాక్యాల క్రమం తారుమారైనందుకు ఒక సమాజం రెండుగా చీలిందంటే, ఈ భాషలో వాక్య క్రమానికి ఉన్న బరువు అర్థమవుతుంది.

దీనికి మందు అందరికీ తెలిసినదే: ముందు షరతులు చూడాలి, తరువాత మన లెక్క దిద్దుకోవాలి, ఆఖరున మాత్రమే బయటివారిని పిలవాలి. అదనంగా ఓపెన్‌జెపెలిన్ ఇచ్చే తాళం ఒకటి ఉంది, దానిని మాడిఫైయర్ (ఫంక్షనుకు ముందూ వెనుకా నడిచే అదనపు కోడ్) రూపంలో ఫంక్షన్ పేరు పక్కన తగిలిస్తే మళ్లీ లోపలికి వచ్చే ప్రయత్నం రద్దవుతుంది. నా ఫిర్యాదు ఏమిటంటే, ఈ రెండూ రాసేవారి క్రమశిక్షణ మీద ఆధారపడినవి. బయటి పిలుపు తరువాత స్టోరేజ్ మార్చే ఫంక్షనును చూసి కంపైలర్ మామూలుగా ఏమీ అనదు; స్లిథర్ వంటి విడి పరికరం నడిపితేనే ఆ హెచ్చరిక వస్తుంది. ఒకప్పుడు ట్రాన్స్‌ఫర్ అనే పద్ధతి వాడితే చాలని చెప్పేవారు, ఎందుకంటే అది అవతలి కోడ్‌కు 2,300 గ్యాస్ మాత్రమే ఇస్తుంది, అంత తక్కువ గ్యాస్‌తో మళ్లీ పిలవడం సాధ్యం కాదు. 2019 డిసెంబరులో ఇస్తాంబుల్ అప్‌గ్రేడ్ స్టోరేజ్ చదివే ఖర్చును 200 నుంచి 800కు పెంచడంతో ఆ 2,300 నమ్మి రాసిన సక్రమమైన కాంట్రాక్టులు కొన్ని చెల్లింపులు పుచ్చుకోలేని స్థితికి వచ్చాయి. భద్రతను గ్యాస్ ధర మీద ఆనించి కట్టకూడదన్న పాఠం ఆనాటి నుంచి అందరికీ వంటబట్టింది.

కాంట్రాక్టులు రాయడానికే ఉన్న మరో భాష వైపర్ ఈ విషయంలో మెరుగు కదా అని అడిగేవారున్నారు. పైథాన్ పోలికతో, వారసత్వమూ మాడిఫైయర్లూ లేకుండా, తాళాన్ని భాషలోనే ఇచ్చే వైపర్ రూపకల్పన నాకు ఎంతో ఇష్టం. కానీ 2023 జులై చివరలో టోకెన్ల మార్పిడి వేదిక కర్వ్‌కు చెందిన కొన్ని పూల్స్ (ఉమ్మడి నిధులు) నుంచి సొమ్ము పోయినప్పుడు తేలినది, వైపర్ కంపైలర్ 0.2.15, 0.2.16, 0.3.0 వెర్షన్లలో ఆ తాళమే సరిగా పడడం లేదని. కోడ్ రాసినవారి తప్పు అందులో ఏమీ లేదు. భాషలో ఉన్న రక్షణ కూడా కంపైలర్ నాణ్యత ఉన్నంతవరకే. ఎక్కువమంది వాడిన, ఎక్కువమంది తవ్వి చూసిన కంపైలర్ అన్న ఒక్క కారణంతో పెద్ద మొత్తాలున్న చోట నేను సాలిడిటీనే ఎంచుకుంటున్నాను.

పాత గాయాల నుంచి నేర్చుకునే గుణం సాలిడిటీలో నాకు గౌరవం కలిగించే అంశం. మొదట్లో కన్‌స్ట్రక్టర్ అంటే కాంట్రాక్టు పేరే పెట్టుకున్న ఫంక్షన్. రూబిక్సీ అనే కాంట్రాక్టుకు మొదట వేరే పేరు ఉండేది. పేరు మార్చినవారు కన్‌స్ట్రక్టర్ పేరు మార్చలేదు. అది ఎవరైనా పిలవగల మామూలు ఫంక్షన్‌గా మారి, పిలిచినవారినల్లా యజమానిని చేసింది. ఇప్పుడు కన్‌స్ట్రక్టర్‌కు ప్రత్యేక పదం ఉంది, పాత పద్ధతి కంపైల్ కాదు. అలాగే ఫంక్షన్ ఎవరికి అందుబాటులో ఉండాలో రాయకపోతే ఒకప్పుడు అది అందరికీ తెరుచుకునేది. 2017 జులైలో పారిటీ మల్టీసిగ్ వ్యాలెట్ల (సొమ్ము కదలడానికి పలువురి సంతకాలు కావలసిన ఖాతాల) నుంచి సుమారు 1,50,000 ఈథర్ పోయినప్పుడు, యజమానులను నియమించే ఫంక్షనుకు అటువంటి గడియ లేకపోవడమే దారి ఇచ్చింది. అదే ఏడాది నవంబరులో, ఆ వ్యాలెట్లు ఆధారపడిన లైబ్రరీ కాంట్రాక్టుకే ఒకరు యజమానిగా మారి, అప్పట్లో పనిచేసిన ప్రత్యేక ఆదేశంతో దానిని తుడిచివేయడంతో 5 లక్షలకు పైగా ఈథర్ ఎవరి చేతికీ అందకుండా స్తంభించిపోయింది. 2018 నవంబరులో వచ్చిన 0.5.0 నుంచి అందుబాటు హద్దును ప్రతి ఫంక్షనుకూ రాయవలసిందే. 2019 డిసెంబరు నాటి 0.6.0, మూల కాంట్రాక్టు నుంచి వారసత్వంగా వచ్చిన ఫంక్షనును మార్చి రాయాలంటే ఇరువైపులా ఆ సంగతి ప్రకటించాలని నియమం పెట్టింది. ఇలా వెర్షన్ తరువాత వెర్షన్ పాత కోడ్‌ను విరగ్గొట్టడం విసుగు పుట్టించే మాట నిజమే, కానీ విరిగిన ప్రతిచోటా ఎవరో ఒకరు నష్టపోయిన కారణం కనిపిస్తుంది కనుక నేను ఆ విసుగును సంతోషంగా భరిస్తాను.

ప్రైవేట్ అనే పదం మాత్రం ఇంకా కొత్తవారిని తప్పుదారి పట్టిస్తూనే ఉంది. అది ఇతర కాంట్రాక్టులకు అడ్డు మాత్రమే. విలువ ఏ గడిలో ఉందో లెక్క కట్టి ఏ నోడ్‌నైనా (నెట్‌వర్క్‌లోని కంప్యూటర్‌నైనా) అడిగితే చెప్పేస్తుంది. రహస్య సంకేతాన్ని ప్రైవేట్ వేరియబుల్‌లో దాచిన కాంట్రాక్టులను నేను తనిఖీలలో ఒకటికి రెండుసార్లు చూశాను. పదం ఎంపికే బాగుండలేదు.

రోజువారీ పనిలో నన్ను అన్నిటికంటే ఎక్కువ విసిగించినది స్టాక్ టూ డీప్ అనే దోషం. యంత్రం స్టాక్ (లెక్కల మధ్య విలువలను ఒకదానిపై ఒకటి పేర్చుకునే దొంతర) 1,024 అంతస్తుల లోతు ఉన్నా, పైన ఉన్న 16 గడులను మాత్రమే నేరుగా అందుకోగలదు. కాబట్టి ఒక ఫంక్షనులో పారామీటర్లూ స్థానిక వేరియబుల్సూ కలిసి ఆ సంఖ్యకు దగ్గర పడగానే, తర్కం ఎంత సవ్యంగా ఉన్నా కంపైలర్ మొరాయిస్తుంది. అప్పుడు వేరియబుల్సును స్ట్రక్ట్‌లో (పలు విలువలను ఒకే పేరు కింద చేర్చే రకంలో) మూటకట్టడమో, ఫంక్షనును చీల్చడమో చేయాలి. చదివేవారికి అర్థం కావడం కోసం పెట్టిన పేర్లను యంత్రం కోసం తీసివేయవలసి వస్తుంది. 2022 మార్చి నాటి 0.8.13 నుంచి మధ్యస్థ భాష మీదుగా కంపైల్ చేసే దారి నిత్య వినియోగానికి సిద్ధమైంది, దానితో ఈ బాధ చాలావరకు తగ్గుతుంది. కానీ ఆ దారిలో కంపైల్ సమయం గణనీయంగా పెరుగుతుంది. పెద్ద ప్రాజెక్టులో ప్రతి చిన్న మార్పుకూ అంతసేపు ఆగడం కష్టం కనుక, రాసేటప్పుడు పాత దారి, విడుదలకు ముందు కొత్త దారి వాడుతున్నాను. కాంట్రాక్టు పరిమాణం 24,576 బైట్లు దాటకూడదన్న నెట్‌వర్క్ నియమం ఇంకొక ఇరుకు; దోష సందేశాలను పొడవైన వాక్యాలుగా రాసే అలవాటున్నవారికి అది త్వరగానే తగులుతుంది. 0.8.4లో వచ్చిన కస్టమ్ ఎర్రర్లు ఆ ఇరుకును కొంత సడలించాయి, గ్యాస్‌ను కూడా ఆదా చేస్తాయి.

స్టోరేజ్ అమరిక గురించి ఒక మాట. వేరియబుల్సు ప్రకటించిన వరుసలోనే గడులలో కూర్చుంటాయి. చిన్న రకాలు పక్కపక్కన ఉంటే ఒకే 32 బైట్ల గడిని పంచుకుంటాయి, మధ్యలో పెద్దది దూరితే పంచుకోలేవు. ఈ వరుసకు అసలు ప్రాముఖ్యం ప్రాక్సీ పద్ధతిలో తెలుస్తుంది. మారని కోడ్‌ను మార్చుకునే ఉపాయంగా, డేటా ఒక కాంట్రాక్టులో, తర్కం వేరొకదానిలో ఉంచి డెలిగేట్‌కాల్‌తో (రెండోదాని కోడ్‌ను మొదటిదాని డేటా మీద నడిపే పిలుపుతో) కలుపుతారు. నేను ఒకసారి కొత్త తర్కంలో, చదవడానికి పొందికగా ఉంటుందని ఒక వేరియబుల్‌ను జాబితా మధ్యలో చేర్చాను. దాని కింద ఉన్నవన్నీ ఒక్కో గడి జరిగాయి. మొత్తం సరఫరా ఉండవలసిన చోట ఒక చిరునామాను సంఖ్యగా చదువుతోంది. పరీక్షా నెట్‌వర్క్ మీదే పట్టుబడింది కనుక ఎవరికీ నష్టం జరగలేదు. కంపైలరుకు పాత అమరిక ఏమిటో తెలియదు, కాబట్టి అది ఏ తప్పూ చూపలేదు. అప్‌గ్రేడ్‌లను సరిపోల్చే విడి ప్లగిన్ వాడడం ఆనాటి నుంచి నాకు నియమమైంది.

డాక్యుమెంటేషన్ నాణ్యత ఉన్నతంగా ఉంది. ముఖ్యంగా కంపైలరులో బయటపడిన లోపాలన్నింటినీ, ఏ వెర్షన్లో ప్రవేశించి ఏ వెర్షన్లో తొలగిపోయిందో, తీవ్రత ఎంతో చెబుతూ బహిరంగ జాబితాగా నిర్వహించడం మెచ్చదగిన నిజాయితీ. కాంట్రాక్టులను కంపైల్ చేసి పరీక్షించే పరికరాల విషయంలో హార్డ్‌హ్యాట్, ఫౌండ్రీ రెండూ పరిపక్వమైనవే. పరీక్షలను కూడా సాలిడిటీలోనే రాసి, యాదృచ్ఛిక విలువలతో వేలసార్లు నడిపే ఫౌండ్రీ వైపే నా మొగ్గు.

వాడదలచినవారికి నా సలహా ఇది. కంపైలర్ వెర్షన్‌ను ప్రాగ్మా వాక్యంలో ఒక్కదానికే బిగించండి; ఫలానా దానికి పైన ఏదైనా సరేనని రాస్తే, మీరు పరీక్షించిన బైట్‌కోడ్ (కంపైలర్ తయారుచేసే యంత్రభాష) ఒకటి, విడుదలయ్యేది మరొకటి కావచ్చు. నేర్చుకోవడానికి టోకెన్‌తో మొదలుపెట్టకండి, దానికి లైబ్రరీ ఉంది. సొమ్ము వేసుకుని తీసుకునే చిన్న ఖజానా కాంట్రాక్టు ఒకటి రాయండి, కావాలనే చెల్లింపు ముందు, లెక్క దిద్దడం (ఖాతాదారు నిల్వను సున్నా చేయడం) తరువాత వచ్చేలా. పక్కనే దానిని దోచే కాంట్రాక్టును కూడా మీ చేతితోనే రాసి, 10 ఈథర్ ఉన్న ఖజానా మీదికి 1 ఈథర్ డిపాజిట్‌తో పంపండి. పరీక్ష నడిచాక నిల్వ సున్నా అని చూపిస్తుంది. అప్పుడు ఆ రెండు వాక్యాల క్రమం మార్చి మళ్లీ నడపండి: దొంగ కాంట్రాక్టు లావాదేవీ రద్దవుతుంది, ఖజానాలో 10 ఈథర్ అలాగే ఉంటుంది.